వర్చువల్ మెషీన్‌లో డిస్క్ స్లో: రిక్వెస్ట్ ఆగిపోతున్నది ఎక్కడ?

క్లుప్తంగా: వర్చువల్ మెషీన్‌లో (ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన మరో కంప్యూటర్) డిస్క్ నెమ్మదించినంత మాత్రాన డిస్క్ పాడైనట్టు కాదు. అప్లికేషన్ నుంచి బయల్దేరిన రిక్వెస్ట్ డిస్క్‌ను చేరేలోపు నాలుగైదు చోట్ల ఆగవచ్చు. సెకనుకు ఎన్ని ఎంబీలు అన్నది పక్కనపెట్టి, ఒక్కో రిక్వెస్ట్‌కు ఎన్ని మిల్లీసెకన్లు పడుతున్నాయో వర్చువల్ మెషీన్ లోపలా, దాన్ని మోసే అసలు సర్వర్ మీదా ఒకే సమయంలో కొలిస్తే ఆ చోటు తెలుస్తుంది. మర్చిపోయిన స్నాప్‌షాట్, పనిచేయని రెయిడ్ కార్డు (కొన్ని డిస్క్‌లను కలిపి ఒకటిగా నడిపేది) బ్యాటరీ, తప్పు కంట్రోలర్, చాలని ర్యామ్, ఒకే డిస్క్ మీద నడిచే సీసీ కెమెరాల రికార్డింగ్ తరచుగా కనిపించే కారణాలు. వీటిలో చాలావాటికి కొత్త డిస్క్ కొనే పని లేదు.

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసు అయినా, నల్గొండలో చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసు అయినా, మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు కాలేజీ అయినా ఏర్పాటు దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక గదిలో ఒక సర్వర్, దాని మీద మూడు నాలుగు వర్చువల్ మెషీన్లు. ఒకదాంట్లో ట్యాలీ, ఒకదాంట్లో ఫైళ్లు, ఒకదాంట్లో బిల్లింగ్ లేదా బయోమెట్రిక్ హాజరు, ఇంకోదాంట్లో కెమెరాల రికార్డింగ్. 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, అదే ఏడాది అక్టోబరు 2న నల్గొండలో ఐటీ టవర్లు మొదలయ్యాయి. అలాంటి చోట చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్నవాళ్లు కూడా టెస్టింగ్ కోసం ఇలాంటి సర్వరే పెట్టుకుంటారు. ఫిర్యాదు మాత్రం అన్నిచోట్లా ఒక్కటే: పొద్దున బాగానే ఉంటుంది, పదకొండు దాటితే సర్వర్ స్లో.

దీనికి సాధారణంగా వచ్చే మొదటి సలహా ఎస్‌ఎస్‌డీ వేయించమని. ఆ సలహా కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు డబ్బు పోయాక కూడా స్లో అలాగే ఉంటుంది. ఏ సందర్భంలో ఏది జరుగుతుందో తెలియాలంటే రిక్వెస్ట్ వెళ్లే దారి చూడాలి.

ఒకే కాంటా, నాలుగు ఊళ్ల బండ్లు

మామూలు పీసీలో విండోస్ నేరుగా డిస్క్‌తోనే మాట్లాడుతుంది. వర్చువల్ మెషీన్‌లో విండోస్‌కు కనిపించే సీ డ్రైవ్ నిజానికి హోస్ట్ (అసలు సర్వర్) మీదున్న ఒక పెద్ద ఫైలు. వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు; వీఎంవేర్ అనే హైపర్‌వైజర్‌లో అది వీఎండీకే, హైపర్-వీలో వీహెచ్‌డీఎక్స్, ప్రాక్స్‌మాక్స్‌లో క్యూకౌ2 ఫైలు గానీ ఎల్‌వీఎం వాల్యూమ్ (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగం) గానీ. ట్యాలీలో ఒక లెడ్జర్ తెరిస్తే ఆ రిక్వెస్ట్ ముందు గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి విండోస్) ఫైల్ సిస్టమ్‌లోకి, అక్కణ్నుంచి వర్చువల్ కంట్రోలర్‌లోకి, తర్వాత హైపర్‌వైజర్ క్యూలోకి, ఆపై హోస్ట్ ఫైల్ సిస్టమ్‌లోకి, రెయిడ్ కార్డులోకి వెళ్లి, చివరికి డిస్క్‌ను చేరుతుంది. జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక్కో వర్చువల్ మెషీన్ తన మటుకు తాను వరుసగానే చదువుతుంది, రాస్తుంది. కానీ హోస్ట్ దగ్గరికి వచ్చేసరికి నాలుగూ కలిసిపోతాయి. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లు గేటు ముందు ఇదే కనిపిస్తుంది. నాలుగు ఊళ్ల నుంచి ట్రాక్టర్లు ఏ ఊరివి ఆ ఊరిగా వరుసలోనే బయల్దేరతాయి. గేటు దగ్గర ఒకటి ఈ ఊరిది, ఒకటి ఆ ఊరిది అన్నట్టు కలిసిపోతాయి. కాంటా మాత్రం ఒక్కటే. తూకం వేసేవాడు ఎంత చురుకైనవాడైనా లైను పెరుగుతూనే ఉంటుంది. హార్డ్ డిస్క్‌కు ఈ కలగాపులగమే పెద్ద శిక్ష, ఎందుకంటే ప్రతి రిక్వెస్ట్‌కూ దాని హెడ్ లేచి కొత్త చోటికి పోవాలి.

450 ఎంబీ ఎక్కడ, 450 కేబీ ఎక్కడ

"ఫైలు కాపీ చేస్తే స్పీడు బాగానే వస్తోంది కదా, మరి ట్యాలీ ఎందుకు తెరుచుకోదు?" అన్నది ఈ వ్యవహారంలో అందరినీ తికమకపెట్టే ప్రశ్న. జవాబు లెక్కలో ఉంది.

నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌కు ఒక చుట్టు పూర్తి కావడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే సుమారు 4.2 మిల్లీసెకన్లు. హెడ్ ఆ ట్రాక్ మీదికి జరగడానికి ఇంకో 8 లేదా 9. మొత్తం 12.5 మిల్లీసెకన్లు అనుకుంటే సెకనుకు 80 పనులు. ఈ సంఖ్యనే ఐఓపీఎస్ అంటారు. డిస్క్ సైజు 1 టీబీ అయినా 8 టీబీ అయినా ఈ 80లో పెద్దగా తేడా రాదు.

ఇప్పుడు అలాంటి నాలుగు డిస్క్‌లతో రెయిడ్ 5 కట్టిన సర్వర్‌ను తీసుకుందాం. చదవడానికి నాలుగూ కలిపి 320 ఐఓపీఎస్ ఇస్తాయి. రాయడం దగ్గర కథ మారుతుంది. రెయిడ్ 5లో ఒక చిన్న రాత రాయాలంటే పాత డేటా చదవాలి, పాత పారిటీ (ఒక డిస్క్ పోతే డేటాను తిరిగి లెక్కగట్టే సమాచారం) చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త పారిటీ రాయాలి. ఒక పనికి నాలుగు పనులు. రోజువారీ పనిలో 40 శాతం చదవడం, 60 శాతం రాయడం ఉందనుకుంటే 320ని 2.8తో భాగించాలి. చేతికి వచ్చేది 114. అవే నాలుగు డిస్క్‌లు రెయిడ్ 10లో పెడితే ఒక రాతకు రెండు పనులే కాబట్టి 200 వస్తుంది. రెయిడ్ 6లో ఒక రాతకు ఆరు పనులు, 80కి పడిపోతుంది.

సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు హెడ్ కదలకుండా వరుసగా చదువుతూ పోతుంది. ఒక్కో డిస్క్ 150 ఎంబీ ఇచ్చినా, డేటాకు లెక్కలోకి వచ్చే మూడు డిస్క్‌లు కలిపి 450 ఎంబీ. అదే సర్వర్ చెల్లాచెదురుగా ఉన్న 4 కేబీ ముక్కల మీద పనిచేయాల్సి వస్తే 114 ముక్కలు, అంటే సెకనుకు 456 కేబీ. డిస్క్‌లు అవే, కార్డు అదే, తేడా మాత్రం వెయ్యి రెట్లు. ట్యాలీ, ఎస్‌క్యూఎల్ సర్వర్, మై ఎస్‌క్యూఎల్ లాంటివి రోజంతా బతికేది ఈ రెండో రకం పని మీదే.

దీనికి క్యూ తోడైతే అసలు బాధ మొదలవుతుంది. లైనులో 32 రిక్వెస్టులు నిలబడి ఉన్నాయి, సెకనుకు 114 మాత్రమే పూర్తవుతున్నాయి అంటే, కొత్తగా వచ్చినదాని వంతు రావడానికి 280 మిల్లీసెకన్లు. ఒక రిపోర్టు తెరవడానికి ఒకదాని తర్వాత ఒకటిగా వంద రీడ్‌లు కావాలంటే 28 సెకన్లు. క్యూ లేనప్పుడు అదే రిపోర్టు సెకనున్నరలోపు వచ్చేది. పొద్దున తొమ్మిదికి బాగుండి పదకొండుకు స్లో కావడంలో మాయ ఏమీ లేదు. డిస్క్ వేగం ఒక్క పిసరు కూడా తగ్గలేదు, గేటు దగ్గర బండ్లు పెరిగాయి, అంతే.

కెమెరాల లెక్క

పదహారు కెమెరాలు, ఒక్కోటి సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుందనుకుందాం. అన్నీ కలిపి 8 ఎంబీ. 450 ఎంబీ ఇచ్చే డిస్క్‌కు ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పదహారు వేర్వేరు ఫైళ్లలో 128 కేబీ ముక్కలుగా రాస్తోందనుకుంటే సెకనుకు 64 రాతలు. రెయిడ్ 5లో ఒక్కోదానికి నాలుగు పనుల చొప్పున 256. మొత్తం ఉన్న 320లో మిగిలేది 64. ఆఫీసు మొత్తం పని ఆ 64లో సర్దుకోవాలి. రెయిడ్ కార్డులోని క్యాష్ (తాత్కాలిక మెమరీ) మంచి స్థితిలో ఉంటే ఈ ముక్కలను పోగేసి కొంత భారం తగ్గిస్తుంది. అది సరిగా లేకపోతే లెక్క ఇంత కఠినంగానే ఉంటుంది.

అందుకే కెమెరాల రికార్డింగ్‌ను వేరే డిస్క్ మీదికి మార్చడం చాలా చిన్న ఆఫీసుల్లో ఒక్క దెబ్బతో పని అయ్యే పరిష్కారం. వేరే డిస్క్ పెట్టే వీలు లేనప్పుడు ఆ వర్చువల్ మెషీన్‌కు ఐఓపీఎస్ పరిమితి పెట్టవచ్చు. ప్రాక్స్‌మాక్స్‌లో డిస్క్ సెట్టింగుల్లోనే ఈ పరిమితి ఉంటుంది, హైపర్-వీలో 2012 ఆర్2 నుంచి ఉంది, వీఎంవేర్‌లోనూ ఉంది. నీళ్లు తక్కువైన ఏడాది సాగర్ ఎడమ కాలువ కింద వారబందీ (వంతులవారీగా నీళ్లు వదలడం) పెట్టినట్టే ఇది. కొత్త నీళ్లు పుట్టవు గానీ, ఆయకట్టు చివరి పొలానికి కూడా కొంత అందుతుంది. అయితే పరిమితి మరీ బిగిస్తే రికార్డింగ్‌లో ఫ్రేములు ఎగిరిపోతాయి.

ఏ అంకె ఎవరి మాట చెబుతుంది

డిస్క్ వాడకం 100 శాతం అని టాస్క్ మేనేజర్‌లో ఎర్రబడిన గడి చూసి కంగారుపడటం మామూలే. ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఆ సమయమంతా కనీసం ఒక రిక్వెస్ట్ అయినా డిస్క్ దగ్గర పెండింగ్‌లో ఉంది. ఒకేసారి పదుల రిక్వెస్టులు మోయగల ఎస్‌ఎస్‌డీ విషయంలో 100 శాతం అన్నది నిండిపోయిందనడానికి రుజువు కాదు. లైనక్స్‌లో ఐఓస్టాట్ అనే కమాండ్ చూపించే యుటిల్ (వాడకం శాతం) అంకెకూ ఇదే లోపం ఉంది.

చూడాల్సింది ఒక్కో రిక్వెస్ట్‌కు పట్టే సమయం. విండోస్ గెస్ట్‌లో పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి, ఫిజికల్ డిస్క్ కింద యావరేజ్ డిస్క్ సెకన్స్ పర్ రీడ్, అలాగే పర్ రైట్ అనే రెండు కౌంటర్లు పెట్టుకోవాలి. అవి సెకన్లలో చూపిస్తాయి కాబట్టి 0.025 అంటే 25 మిల్లీసెకన్లు. ఈ దశాంశం దగ్గరే చాలామంది పొరబడి, సున్నా పాయింట్ ఏదో ఉంది కదా, బాగానే ఉందని వదిలేస్తారు. లైనక్స్‌లో ఐఓస్టాట్‌ను ఎక్స్ ఆప్షన్‌తో నడిపితే ఆర్-అవెయిట్, డబ్ల్యూ-అవెయిట్ అని నేరుగా మిల్లీసెకన్లలోనే వస్తాయి. హార్డ్ డిస్క్‌లకు 10 నుంచి 20 వరకు మామూలు, 25 దాటి అక్కడే నిలబడితే అనుమానించాలి. సాటా ఎస్‌ఎస్‌డీకి ఒకటి రెండు మిల్లీసెకన్లు పట్టినా ఎక్కువే. ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ అయితే మిల్లీసెకనులో పదో వంతు స్థాయిలో ఉండాలి.

గెస్ట్‌లో కొలవడం సగం పనే. అదే నిమిషంలో హోస్ట్ మీద కూడా కొలిస్తేనే దోషి దొరుకుతాడు. వీఎంవేర్‌లో దీనికి ఈఎస్‌ఎక్స్‌టాప్ అనే కమాండ్ చాలా స్పష్టమైన విభజన ఇస్తుంది. డీఏవీజీ అంటే రిక్వెస్ట్ హైపర్‌వైజర్ దాటి బయటికి వెళ్లి డిస్క్ నుంచి తిరిగి రావడానికి పట్టిన సమయం. కేఏవీజీ అంటే హైపర్‌వైజర్ లోపలే గడిచిన సమయం. రెండూ కలిస్తే జీఏవీజీ, గెస్ట్ అనుభవించేది అది. డీఏవీజీ 25 దగ్గర ఉంటే తప్పు డిస్క్, రెయిడ్ కార్డు, కేబుల్, స్టోరేజ్ నెట్‌వర్క్‌లలో ఎక్కడో ఉంది. కేఏవీజీ మామూలుగా సున్నాకు దగ్గరగా ఉండాలి. అది రెండు మిల్లీసెకన్లు దాటిందంటే రిక్వెస్టులు హైపర్‌వైజర్ క్యూలోనే నిలబడ్డాయి, క్యూ చిన్నదైనా అయ్యుండాలి లేదా సీపీయూ దొరక్కపోయినా ఉండాలి. ఈ రెండూ తక్కువగా ఉండి గెస్ట్‌లో మాత్రం 80, 100 చూపిస్తుంటే వెతకాల్సింది గెస్ట్ లోపల.

ప్రాక్స్‌మాక్స్, మామూలు కేవీఎం (లైనక్స్‌లోనే ఉండే హైపర్‌వైజర్) హోస్ట్‌ల మీద ఇంత సులువైన విభజన లేదు. హోస్ట్‌లో ఒక ఐఓస్టాట్, గెస్ట్‌లో ఒక ఐఓస్టాట్ పక్కపక్కన నడిపి తేడా చూసుకోవాలి. హోస్ట్‌లో 3 మిల్లీసెకన్లు, గెస్ట్‌లో 40 అంటే మధ్యలో ఏదో ఉంది. రెండుచోట్లా 40 అంటే కింద ఉంది.

టెస్టింగ్‌కు డీడీ కమాండ్ వాడటం ఒక పాత అలవాటు. అది సున్నాలను వరుసగా రాస్తుంది, అదీ తరచుగా ర్యామ్‌లోని క్యాష్‌లోకి. కంప్రెషన్ ఉన్న జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీదైతే సున్నాలు డిస్క్ దాకా చేరవు కూడా. వచ్చే అంకె చూసుకోవడానికి బాగుంటుంది, పనికి రాదు. లైనక్స్‌లో ఫియో, విండోస్‌లో డిస్క్‌స్పీడ్‌తో 4 కేబీ ముక్కలను చెల్లాచెదురుగా, క్యాష్‌ను దాటించి నడిపితే నిజం బయటపడుతుంది. అయితే ఆఫీసు పని నడుస్తున్నప్పుడు ఆ టెస్టు పెడితే ఉన్న కాస్త వేగం కూడా పోతుంది.

మర్చిపోయిన స్నాప్‌షాట్

జీఎస్టీ రిటర్న్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే ముందు, ఎందుకైనా మంచిదని స్నాప్‌షాట్ తీసుకుంటారు. అప్‌డేట్ బాగానే అవుతుంది. స్నాప్‌షాట్ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎనిమిది నెలలు గడిచాక సర్వర్ స్లో అని ఫోన్ వస్తుంది. హార్డ్‌వేర్‌లో చిన్న లోపం కూడా లేకుండా సర్వర్ నెమ్మదించే తీరుల్లో ఇది ముఖ్యమైనది.

స్నాప్‌షాట్ అంటే బ్యాకప్ కాపీ అన్న అభిప్రాయం ఎక్కువమందిలో ఉంది. కాదు. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి అసలు డిస్క్ ఫైలుకు తాళం పడుతుంది, దానిలో ఇక ఎవరూ రాయరు. కొత్తగా రాసేదంతా పక్కన పుట్టిన డెల్టా ఫైలులోకి పోతుంది. చదవాలంటే ముందు డెల్టాలో ఉందా అని చూసి, లేకపోతే అసలు ఫైలుకు వెళ్లాలి. దాని మీద ఇంకో స్నాప్‌షాట్ తీస్తే ఇంకో డెల్టా, వెతకాల్సిన చోట్లు మూడు. పైగా డెల్టా ఫైలు అవసరాన్ని బట్టి కొంచెం కొంచెంగా పెరుగుతుంది కాబట్టి డిస్క్ మీద ముక్కలు ముక్కలుగా పరుచుకుంటుంది. హార్డ్ డిస్క్ మీద ఈ రెండూ కలిస్తే హెడ్‌కు ఊపిరి తిరగదు. స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని, గొలుసులో 32 వరకు అనుమతి ఉన్నా రెండు మూడుకు మించనివ్వవద్దని వీఎంవేర్ చెబుతుంది. హైపర్-వీలో దీనినే చెక్‌పాయింట్ అంటారు, ఫోల్డర్‌లో ఏవీహెచ్‌డీఎక్స్ అనే ఫైళ్లు కనిపిస్తే అవే.

ఎవరూ తీయకుండానే స్నాప్‌షాట్ ఉండిపోయే సందర్భమూ ఉంది. చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు బ్యాకప్ మొదలుపెట్టేటప్పుడు స్నాప్‌షాట్ తీసి, అయ్యాక తీసేస్తాయి. మధ్యలో కరెంటు పోయినా, నెట్‌వర్క్ తెగినా అది మిగిలిపోవచ్చు. కొన్నిసార్లు స్నాప్‌షాట్ల లిస్టులో ఏమీ కనిపించదు, ఫోల్డర్‌లో మాత్రం డెల్టా ఫైళ్లు పేరుకుపోయి ఉంటాయి. అందుకే లిస్టును నమ్మకుండా ఫోల్డర్ తెరిచి చూడాలి.

తీసేయడంలో రెండు జాగ్రత్తలు. మొదటిది, డెల్టా ఫైలును ఫోల్డర్‌లోంచి చేత్తో డిలీట్ చేయడం అంటే స్నాప్‌షాట్ తర్వాత రాసిన డేటా అంతా చెత్తబుట్టలో వేయడమే. మేనేజర్ స్క్రీన్ నుంచే తీయాలి, అప్పుడే డెల్టాలోని డేటా అసలు ఫైలులో కలుస్తుంది. రెండోది, ఎనిమిది నెలల డెల్టాను కలపడం డిస్క్‌కు భారీ పని. గంటలు పట్టవచ్చు, ఆ గంటల్లో స్లో ఇంకా ఎక్కువవుతుంది. ఆదివారం రాత్రి, బ్యాకప్ తీసుకుని, డేటాస్టోర్‌లో (వర్చువల్ డిస్క్ ఫైళ్లు ఉండే చోటు) ఖాళీ జాగా చూసుకుని మొదలుపెట్టాలి. సగంలో ఆగినట్టు కనిపించిందని సర్వర్ ఆపేయడం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం.

పోయిన బ్యాటరీ

రెయిడ్ కార్డు మీద చిన్న మెమరీ ఉంటుంది. రాయాల్సిన డేటా దానిలో పడగానే కార్డు "అయిపోయింది" అని జవాబు చెప్పేసి, తీరిగ్గా డిస్క్ మీద రాసుకుంటుంది. దీన్ని రైట్‌బ్యాక్ అంటారు. ఆ కాసేపట్లో కరెంటు పోతే డేటా పోకుండా కాపాడేది కార్డుకున్న బ్యాటరీ, కొత్త కార్డుల్లో సూపర్ కెపాసిటర్. బ్యాటరీ పోయిందని గుర్తించిన వెంటనే కార్డు మామూలుగా రైట్‌త్రూకు మారిపోతుంది, అంటే డిస్క్ మీద నిజంగా రాశాకే జవాబు ఇస్తుంది. ఒక మిల్లీసెకనులోపు అయ్యే రాత పదుల మిల్లీసెకన్లకు చేరుతుంది.

మారిన సంగతి తెరమీద ఎక్కడా కనిపించదు. నిన్నటి దాకా బాగున్న సర్వర్ ఇవాళ్టి నుంచి రాతల దగ్గర మాత్రమే స్లో, చదవడం మామూలుగానే ఉంది అంటే మొదట చూడాల్సింది ఇదే. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే నల్గొండలో, ఆఫీసు మూసేటప్పుడు ఏసీ కూడా ఆపేసి పోయే సర్వర్ గదిలో ఆ బ్యాటరీ చెప్పిన గడువు దాకా నిలవడం కష్టం. పాత కార్డుల్లో బ్యాటరీ తనను తాను పరీక్షించుకునే లెర్న్ సైకిల్ కూడా ఉంటుంది. ఆ కొన్ని గంటలు తాత్కాలికంగా రైట్‌త్రూలోకి పోతుంది. ఎప్పుడో ఒకరోజు స్లో అయి తర్వాత దానంతటదే సర్దుకుందంటే కారణం అదీ కావచ్చు.

బ్యాటరీ లేకపోయినా రైట్‌బ్యాక్‌లోనే ఉండమని కార్డును బలవంతం చేసే ఆప్షన్ ఉంది. ప్రాక్స్‌మాక్స్‌లో క్యాష్‌ను అన్‌సేఫ్ మోడ్‌లో పెట్టడం కూడా అలాంటిదే. వేగం వెంటనే తిరిగొస్తుంది. చెప్పకుండా కరెంటు పోయే ఊళ్లో, యూపీఎస్ బ్యాటరీలు మూడేళ్లుగా మార్చని ఆఫీసులో ఈ పని చేయడం డేటాబేస్‌ను పణంగా పెట్టడమే.

హైపర్‌వైజర్ మారింది, కంట్రోలర్ పాతదే

వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనడం 2023 నవంబరులో పూర్తయింది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి, అంతా చందా పద్ధతికి మారింది. ఆ తర్వాత చిన్న ఆఫీసులకు ప్రాక్స్‌మాక్స్, హైపర్-వీ వైపు చూడక తప్పలేదు. ఈ మార్పిడిలో పుట్టే స్లో ఒకటుంది.

వీఎంవేర్ నుంచి తెచ్చిన విండోస్‌కు ప్రాక్స్‌మాక్స్‌లోని వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన కంట్రోలర్) డ్రైవర్ తెలియదు. బూట్ కావడం కోసం డిస్క్‌ను ఐడీఈగా పెడతారు. బూట్ అయ్యాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు, సెట్టింగ్ అలాగే ఉండిపోతుంది. ఐడీఈ ఎమ్యులేషన్ అంటే హైపర్‌వైజర్ పాతకాలపు కంట్రోలర్ వేషం వేయడం. గెస్ట్ దానితో మాట్లాడిన ప్రతిసారీ పని ఆపి హైపర్‌వైజర్‌లోకి వెళ్లి రావాలి, పైగా ఒకసారికి ఒక్క రిక్వెస్టే. కింద ఎన్‌వీఎంఈ ఉన్నా ఇదే తీరు. వర్ట్‌ఐఓలో గెస్ట్, హోస్ట్ రెండూ ఒకే మెమరీ చోటును పంచుకుని రిక్వెస్టులను గుత్తగా మార్చుకుంటాయి.

డ్రైవర్ లేకుండా నేరుగా వర్ట్‌ఐఓకు మారిస్తే విండోస్ నీలి తెర చూపించి, బూట్ డివైస్ దొరకలేదంటుంది. మార్గం ఏమిటంటే, ముందు ఒక జీబీ ఖాళీ డిస్క్‌ను వర్ట్‌ఐఓ కింద రెండో డిస్క్‌గా తగిలించాలి. విండోస్‌లో డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, ఆ చిన్న డిస్క్ కనిపించిందని చూసుకోవాలి. తర్వాత మెషీన్ ఆపి అసలు డిస్క్‌ను మార్చాలి. పావుగంట పని. వీఎంవేర్‌లోనే ఉన్నవాళ్లు బిజీ డేటాబేస్ డిస్క్‌లను ఎల్‌ఎస్‌ఐ కంట్రోలర్ నుంచి పారావర్చువల్ స్కజీకి మార్చవచ్చు, డిస్క్‌కు క్యూ 32 నుంచి 64కు పెరుగుతుంది. కానీ కింద 114 ఐఓపీఎస్ ఇచ్చే హార్డ్ డిస్క్‌లే ఉంటే క్యూ పెంచి లాభం లేదు. కాంటా ఒక్కటే ఉన్నప్పుడు టోకెన్లు ఎక్కువ ఇవ్వడం లాంటిది అది.

డిస్క్‌ది కాని తప్పు

ర్యామ్ చాలనప్పుడు గెస్ట్ పేజ్ ఫైలు వాడుతుంది, హోస్ట్‌కు చాలకపోతే హోస్ట్ స్వాప్ వాడుతుంది. రెండూ డిస్క్ మీదే. చూసేవాళ్లకు డిస్క్ స్లో, అసలు కొరత ర్యామ్‌ది. 32 జీబీ సర్వర్ మీద 12 జీబీ చొప్పున మూడు మెషీన్లు పెట్టిన చోట ఇది దాదాపు ఖాయం. నాలుగు మెషీన్లలో యాంటీవైరస్ ఫుల్ స్కాన్ మధ్యాహ్నం పన్నెండుకే పెట్టి ఉంటే పన్నెండుకు స్లో కావడానికి వేరే కారణం వెతకనవసరం లేదు. స్టోరేజ్ వేరే పెట్టెలో ఉండి ఒక గిగాబిట్ కేబుల్‌తో కలిసి ఉంటే, లోపల ఎన్ని ఎస్‌ఎస్‌డీలున్నా సెకనుకు సుమారు 115 ఎంబీ దగ్గర ఆగుతుంది. విండోస్ సర్వర్ 2003 కాలం నుంచి ఇమేజ్‌గా మోసుకొస్తున్న మెషీన్లలో పార్టిషన్ 63వ సెక్టార్ దగ్గర మొదలై ఉంటుంది. దాంతో కొన్ని రిక్వెస్టులు కింద రెండు బ్లాకుల మీద పడతాయి. 2008 తర్వాతి విండోస్‌లలో మొదలు 1 ఎంబీ దగ్గరే కాబట్టి ఈ బాధ లేదు.

ఎస్‌ఎస్‌డీ వేస్తే?

పైవన్నీ చూశాక కూడా హోస్ట్‌లో మిల్లీసెకన్లు ఎక్కువగానే ఉంటే, ఎస్‌ఎస్‌డీ సరైన మందు. 80తో పోలిస్తే మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేలల్లో, పదివేలల్లో ఇస్తుంది. కానీ ల్యాప్‌టాప్‌కు కొనే ఎస్‌ఎస్‌డీకీ సర్వర్ ఎస్‌ఎస్‌డీకీ ఉన్న తేడా ధరలో మాత్రమే కాదు. డేటాబేస్ ప్రతి ఎంట్రీ తర్వాత "నిజంగా రాసేశావా" అని అడుగుతుంది. కరెంటు పోయినా డేటా నిలిపే కెపాసిటర్లు సర్వర్ రకంలో ఉంటాయి కాబట్టి అది వెంటనే అవునంటుంది. చవక రకం ఫ్లాష్ మీద నిజంగా రాశాకే చెప్పాలి. బాక్స్ మీద 90,000 ఐఓపీఎస్ అని ఉన్న డ్రైవ్ ఈ పనిలో వందల్లోకి పడిపోవడం అందుకే. పెద్ద బ్యాకప్ రాస్తున్నప్పుడు మొదట వేగంగా పోయి, లోపలి క్యాష్ నిండగానే హార్డ్ డిస్క్ కంటే నెమ్మదించే రకాలు కూడా ఉన్నాయి. ఎండాకాలం వేడికి ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి.

క్లౌడ్ పక్క ఊళ్లోనే ఉన్నా

అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016లో రంగారెడ్డిలో కలిసిన షాద్‌నగర్ వైపు కూడా డేటా సెంటర్ల కోసం భూములు కొన్నారు. సర్వర్ గంట ప్రయాణం దూరంలోనే ఉంటే వేగం పెరుగుతుంది కదా అన్న ఆశ సహజం. దగ్గరితనం తగ్గించేది ఆఫీసుకూ సర్వర్‌కూ మధ్య నెట్‌వర్క్ సమయాన్ని. ఆ సర్వర్ తన డిస్క్ కోసం ఎంత ఎదురుచూస్తుందన్నది దాని మీద ఆధారపడదు. అక్కడ వేగం కొనుక్కున్నంతే.

అమెజాన్ పాత జీపీ2 డిస్క్‌నే చూడండి. జీబీకి 3 చొప్పున ఐఓపీఎస్ ఇస్తుంది, 100 జీబీ తీసుకుంటే 300. అవసరమైతే 3000 దాకా పోనిస్తుంది, కానీ 54 లక్షల క్రెడిట్ల (ఒక్కో రిక్వెస్ట్‌కు ఒక క్రెడిట్) ఖాతా నుంచి తీసి. 3000 వాడుతూ ఉంటే, 300 తిరిగి జమవుతున్నా ఖాతాలో సెకనుకు 2700 తరుగుతాయి, 2000 సెకన్లలో ఖాళీ. ముప్పై మూడు నిమిషాలు పరిగెత్తిన సర్వర్ ఆ తర్వాత ఒక్కసారిగా పదో వంతు వేగానికి పడిపోతుంది. ఎర్రర్ రాదు. 2020 డిసెంబరులో వచ్చిన జీపీ3లో సైజుతో సంబంధం లేకుండా 3000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ స్థిరంగా ఉంటాయి. ఎప్పుడో తీసుకున్న మెషీన్లలో జీపీ2యే నడుస్తూ ఉంటుంది. దాన్ని మెషీన్ ఆపకుండానే జీపీ3కి మార్చుకోవచ్చు.

స్నాప్‌షాట్ నుంచి కొత్తగా పుట్టించిన క్లౌడ్ డిస్క్ మొదటి రోజు స్లోగా ఉండటం మరో సంగతి. డేటా అంతా ముందే డిస్క్ మీదికి రాదు, ఏ బ్లాకు అడిగితే ఆ బ్లాకు అప్పుడు వెనకనున్న స్టోరేజ్ నుంచి దిగుతుంది. డిస్క్ మొత్తాన్ని ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చదివిస్తే అన్ని బ్లాకులూ దిగిపోతాయి. ఆ పని సోమవారం పొద్దున ఆఫీసు తెరవకముందే పూర్తయి ఉండాలి.